మా నాన్న సాక్ష్యంలో లేని పేజీ

ఒక సూపర్‌హీరో కామిక్ తాజా సంచికకి నేను సమీక్ష రాయాలి. విలన్ అసలెలా విలన్ అయ్యాడో చెప్పే సంచిక అది. మూడు రోజులుగా మొదటి వాక్యమే కుదరడం లేదు. ఒడిశాలోని సునాబెడలో మా క్వార్టర్‌లో అటూ ఇటూ తిరుగుతూ రాస్తున్నాను, కొట్టేస్తున్నాను. సెమిలిగుడ వెళ్లే బస్సులో కూడా ఫోన్ తీసి మళ్లీ చదివాను. బొమ్మలు బాగున్నాయి. విలన్ తన తమ్ముడి చావుకి పగబట్టడం కూడా బాగానే ఉంది. చివరి పేజీలో మాత్రం అతను అద్దంలో చూసుకుని, "ఇవాళ్టి నుంచి నేను చెడ్డవాణ్ని" అంటాడు. అక్కడికి రాగానే నాకు ఒళ్లు మండుతోంది. ఎందుకో తెలియదు.

ఆదివారం చర్చిలో మా నాన్న సాక్ష్యం చెప్పడానికి లేచాడు. ఎప్పుడూ చెప్పేదే. తాగేవాణ్నని, అమ్మని కొట్టేవాణ్నని, ప్రభువు తనని మార్చాడని. అందరూ "స్తోత్రం" అన్నారు. ఆయన కథ అక్కడితో అయిపోతుంది. మారిన మర్నాడే, ఇలాంటివి ఇంట్లో ఉండకూడదని, నేను పెట్టెలో దాచుకున్న కామిక్సన్నీ పొయ్యిలో పెట్టాడు. నాకప్పుడు తొమ్మిదేళ్లు.

బయటికొచ్చాక ఉండబట్టలేక అడిగేశాను.

"నా పుస్తకాలు కాల్సీసిన సంగతి సాక్ష్యంలో ఎప్పుడూ సెప్పవేటి నాన్నా?"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "అది పాపమేటమ్మి? మారిపోయిన తర్వాత సేసింది గదా!"

ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా రాశాను: "ఈ సంచికలో విలన్‌కి తాను విలన్ అని తెలుసు. నాకు నమ్మబుద్ధి కాలేదు."