మూతకు నాలుగు స్క్రూలు

మా బావ నోటికి హద్దు లేదు. ముప్పై ఒక్క ఏళ్ళు సిటీ బస్సులో కండక్టరు చేసిన గొంతు అది. ఇంట్లో మంచినీళ్ళు అడిగినా వెనక సీటు దాకా వినపడాలి. రిటైరయ్యాక ఎక్కేవాళ్ళూ లేరు, దిగేవాళ్ళూ లేరు. ఆ గొంతంతా వచ్చి నా మీద పడింది. నేను ఆయన భార్యకు తమ్ముణ్ణి. రేడియోలూ మిక్సీలూ బాగుచేసే మెకానిక్‌ని. ఆ ఇంటి వరండాలోనే బల్ల వేసుకుని బతుకుతున్నవాణ్ణి. ఇంతకన్నా నేరం ఇంకేం కావాలి!

ఉన్నట్టుండి ఆయనకు కౌజుపిట్టలు పెంచాలనిపించింది. మేడమీద గదిలో పంజరాలు కట్టాడు. పంజరంలో పెరిగిన కౌజు గుడ్లు పెడుతుంది గాని పొదగదు. అందుకని పాత చెక్కపెట్టెకు బల్బులూ, చిన్న ఫ్యానూ, వేడినీ తేమనీ చూపే మీటర్లూ, నీళ్ళ పళ్ళెమూ, పైన అద్దం మూతా పెట్టి నేనే ఇంక్యుబేటర్ చేసిచ్చాను. మెచ్చుకోలుగా ఒక్క మాట రాలలేదు. పైగా దానికి 'డబ్బా' అని పేరు పెట్టాడు.

మొదటి అరవై గుడ్లలో ఒక్క పిల్లా బయటికి రాలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు తప్పంతా డబ్బాదే అయింది. వీధి మొదట్లో ఇస్త్రీవాడి నుంచి చివర పాలవాడి దాకా ఒకటే చాటింపు: "మా బావమరిదికి రేడియో ఇస్తే జాగ్రత్త బాబూ! వాడి డబ్బాలో అరవై ప్రాణాలు పోయాయి." నాకు ఒళ్ళు మండిపోయింది.

రెండో విడతా పోయింది. ఈసారి గుడ్లు పారేసే పని నాకు తగిలింది. పెరట్లో నాలుగు పగలగొట్టి చూశాను. లోపల పిల్లలు ముక్కుతో సహా పూర్తిగా తయారై ఉన్నాయి. పెంకు కింది పొర మాత్రం ఎండిపోయి కాగితంలా ఒంటికి అతుక్కుపోయింది. అప్పుడే అర్థమైంది నాకు. చివరి మూడు రోజులు మూత తీయకూడదు. తీస్తే తేమ పోయి, పిల్ల కదల్లేక లోపలే చస్తుంది. ఎవరు తీస్తున్నారో చెప్పాలా? ప్రతి స్టాపులోనూ తలలు లెక్కపెట్టిన మనిషి ఆయన. గంటకోసారి మూత ఎత్తి, వేలు పెట్టి అరవై లెక్కపెట్టందే గొంతులో ముద్ద దిగదు.

చెప్పానా? చెప్పలేదు. ఎందుకంటే ఆ పూటే అక్క తేల్చేసింది.

"ఏవండీ, ఇంకొక్కసారే చెప్తున్నా. ఈసారీ చస్తే పంజరాలు తీసేసి గది తమ్ముడికిచ్చేస్తా. వానొస్తే వాడి బల్ల తడిసిపోతోంది."

బావ మొహం వాడిపోయింది. ఆ ఇంట్లో ఆయనకు పనంటూ ఉన్న చోటు అదొక్కటే. నాకు జాలి వేయలేదు, అబద్ధమెందుకు? ఆ గదికి రెండు పెద్ద కిటికీలు. బల్ల ఏ కిటికీ కింద వేయాలో మనసులో కొలిచేసుకున్నాను.

మూడో విడత పదిహేనో రోజున మీటరు చూద్దామని పైకెళ్ళాను. బావ మూత ఎత్తి పెట్టె మీదికి వంగి ఉన్నాడు. "ముప్పై ఏడు... ముప్పై ఎనిమిది..." అంటున్నాడు. ఆయన అంత మెల్లగా మాట్లాడగలడని నాకు తెలియదు. నోరు మూసుకుని దిగిపోతే గది నాది. దిగాను కూడా, మూడు మెట్లు. ఆ ఎండిన పొరలు గుర్తొచ్చాయి. ఛీ, నా బతుకు! కొరివితో తల గోక్కోవడమేనని తెలిసీ, స్క్రూడ్రైవరు తెచ్చుకుని మళ్ళీ ఎక్కాను.

"జరుగు బావా."

"ఏం చేస్తున్నావురా?"

"మూత బిగిస్తున్నా. పద్దెనిమిదో రోజు దాకా ఎవడూ తీయడానికి లేదు. నువ్వు తీసి తీసి చంపావు వాటిని. నా డబ్బా చంపలేదు."

"నా పిట్టల్ని నేను చూసుకోకూడదట్రా? శవపెట్టె అనుకున్నావా, బిగించడానికి?"

"అద్దంలోంచి చూడు. కళ్ళున్నాయిగా!"

నాలుగు స్క్రూలూ బిగించాను. మూడు రోజులు నా పుట్టుక నుంచి పనితనం దాకా దేన్నీ వదలకుండా తిట్టాడు. పెట్టె పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాడు. చెయ్యి స్క్రూ దాకా వెళ్ళేది, వెనక్కి వచ్చేది. మూత మాత్రం తీయలేదు.

పద్దెనిమిదో రోజు పొద్దున్నే గావుకేక వినిపించింది. పరుగెత్తాను. బొటనవేలంత పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కి తొక్కుకుంటున్నాయి.

"ముందుకు జరగండి, ముందుకు! అక్కడ బోలెడు ఖాళీ ఉంది!" అని అద్దం మీద తడుతూ అరుస్తున్నాడు బావ. కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. నలభై తొమ్మిది.

"ఒరేయ్, మూత తీస్తే చస్తాయని నీకెలా తెలిసిందిరా?"

సంతోషంలో నా నోరు జారింది. "పోయినసారి గుడ్లు పగలగొట్టి చూశాను కదా."

"పోయినసారా?" బావ నవ్వు ఆగిపోయింది. "అప్పుడే తెలిస్తే మొన్నటిదాకా ఎందుకు చెప్పలేదు?"

నా పాడు కళ్ళు కిటికీల వైపు తిరిగాయి. ఆయనా అటే చూశాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. వంగి పిల్లల్ని చూసుకుంటూ ఉండిపోయాడు.

గది ఆయనకే దక్కింది. నా బల్ల వరండాలోనే ఉంది. ఆ రోజు నుంచి ఆయన నన్ను ఒక్క మాట తిట్టలేదు. మెట్ల మీద ఎదురైతే, "కాస్త జరగండి, దిగాలి" అంటాడు.