ఎడమ మలుపు

బండి అడిగి తీసుకెళ్లినవాడు దాన్ని కడిగి తెచ్చివ్వడం నేనెక్కడా చూడలేదు. పెట్రోలు ఖాళీ చేసి తెచ్చినవాళ్లున్నారు, సీటు చింపి తెచ్చినవాళ్లున్నారు, ఒక అద్దం పోగొట్టి తెచ్చి ముందునుంచీ ఒకటే ఉందిగా అని దబాయించినవాళ్లూ ఉన్నారు. కడిగి తెచ్చింది మాత్రం మా బావమరిది ఒక్కడే. మా ఆవిడ పోయిన ఏడాదికి పామర్రులో వాళ్ల పుట్టింట్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం. కుర్చీలు తక్కువయ్యాయని, సప్లై కంపెనీ వాళ్ల దగ్గరికి వెళ్లొస్తానని నా బండి తాళం అడిగి తీసుకున్నాడు. పొద్దుగూకే వేళకు బండి తళతళలాడుతూ గుమ్మం ముందు నిలబడి ఉంది. టైరు గాడుల్లో కూడా మట్టి లేదు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

నేను అనుమానపు మనిషినని ఇంటా బయటా పేరు. విజయవాడ వన్ టౌన్‌లో స్టీలు సామాన్ల హోల్‌సేల్ కొట్లో సరుకు దింపించుకునే పని నాది. అక్కడ ఎదుటివాడి మాట నమ్మితే సాయంత్రానికి గిన్నెలు తగ్గుతాయి. పెట్రోలు బంకులో మీటరు సున్నా మీదుందని చూసుకోందే ట్యాంకు మూత తియ్యను. పంక్చరు కొట్టువాడు ట్యూబు బయటికి లాగగానే, వాడు మార్చెయ్యకుండా, దాని మీద గోళ్లరంగుతో ఒక చుక్క పెట్టేవాణ్ణి. ఆ గోళ్లరంగు మా ఆవిడది. ఈ మనిషికి ఒక్కర్నైనా నమ్మబుద్ధి కాదు కదా అని విసుక్కుంటూనే సీసా చేతికిచ్చేది.

ఆమె పోయాక ఏడాదిపాటు నేను బండి బయటికి తియ్యలేదు. కొట్టుకి ఆటోలో వెళ్లొచ్చేవాణ్ణి. మళ్లీ మొదటిసారి తీసింది ఆ కూడిక రోజునే. వెనక సామాను మూట కట్టుకుని, హైవే మీద మెల్లగా వెళ్లాను, తేడా ఏమీ తెలియలేదు. మర్నాడు భవానీపురంలో మా ఇంటికి తిరిగొస్తున్నప్పుడు తెలిసింది. ఎడమవైపు మలుపు వచ్చినప్పుడల్లా బండి కుడికి లాగుతోంది. కుడి మలుపుల్లో బుద్ధిగానే ఉంటోంది, ఎడమకి తిప్పేసరికి మొండికేసి రోడ్డు మధ్యకి పోతోంది. నిన్న బాగున్న బండి ఇవాళ ఇలా ఎందుకయింది? మధ్యలో ఎవరి చేతికి వెళ్లింది? ఈ రెండు ప్రశ్నలకీ జవాబు ఒకటే కనిపించింది నాకు.

ఫోన్ చేసి అడిగాను, బండి ఎక్కడైనా పడేశావా అని. లేదు బావా అన్నాడు. లేదనే ముందు కాస్త ఆగాడు. ఆ ఆగడం నాకు సరిపోయింది.

మా వీధి చివరి మెకానిక్ ముందు చక్రం విప్పి చూశాడు, ఫోర్కులు చూశాడు, రింగు వంకర లేదన్నాడు. తనే ఎక్కి కరకట్ట దాకా వెళ్లి, చేతులు వదిలేసి నడుపుకుంటూ వచ్చి, నాకేం లాగట్లేదండీ అన్నాడు. తరవాత ఆరా తీస్తే అతని అత్తగారిది పామర్రు పక్క ఊరని తెలిసింది. ఇంకేం కావాలి? వన్ టౌన్‌లో ఇంకో మెకానిక్‌కి చూపించాను. అతనూ అదే మాటన్నాడు. ఇతనికి పామర్రులో ఎవరూ లేరు గానీ, మొదటివాడే ఫోన్ చేసి చెప్పుంటాడని సర్దుకున్నాను.

ఇక్కడొక సంగతి చెప్పాలి. మా అత్తమామలు ఎప్పుడో పోయారు. మాకు పిల్లలు లేరు. ఆమె వైపు నుంచి నా గుమ్మం తొక్కేవాడు ఈ బావమరిది ఒక్కడే. పామర్రులో ఎరువుల కొట్టు నడుపుతాడు, నాకన్నా బాగా చిన్న. విజయవాడ వచ్చినప్పుడల్లా చేపలో, గోంగూరో పట్టుకొచ్చేవాడు. వాళ్లక్క చిన్నప్పుడు ఎవరిని కొట్టింది, ఏ పాట ఎక్కడ తప్పు పాడింది, అన్నీ చెప్పేవాడు. నేను ఆ మాటల కోసమే ఎదురుచూసేవాణ్ణి. అతన్ని అబద్ధాలకోరని తేల్చేసుకుంటే ఆమె గురించి మాట్లాడుకోవడానికి నాకింకో మనిషి ఉండడు. అది తెలిసి కూడా తేల్చెయ్యాలనే చూశాను. వచ్చిన ప్రతిసారీ అన్నం మధ్యలో అదే ప్రశ్న అడిగేవాణ్ణి. అతను తల వంచుకుని లేదు బావా అనేవాడు. రాను రాను అతని రాకలు తగ్గాయి. చూశావా, తప్పు చేశాడు కాబట్టే మొహం చాటేస్తున్నాడనుకున్నాను.

వానలకు ముందు ఒక ఆదివారం, పామర్రు చర్చిలో ఆరాధన అయ్యాక ఇద్దరం ఆమె సమాధి దగ్గరికి వెళ్లి, ఎవరి బండి మీద వాళ్లం బయల్దేరాం. అతనికి ఉయ్యూరులో పని ఉంది. లారీల గోల లేకుండా కాలవ గట్టు రోడ్డు పట్టుకున్నాం. నేను ముందు, అతను వెనక. కాలవ నీళ్లు వదిలే లాకుల దగ్గర రోడ్డు ఎడమకి తిరుగుతుంది. నేనూ తిప్పాను. బండి తిరగలేదు. ఎదురుగా వరిగడ్డి ట్రాక్టరు, రోడ్డంతా తనదే అన్నట్టు వస్తోంది. హ్యాండిల్ ఎంత ఎడమకి తిప్పబోయినా బండి నిటారుగానే ఉండి, ట్రాక్టరు ముందు నుంచి అడ్డంగా పోయి, అవతలి పక్క కాలవ గట్టు గడ్డిలో పడింది. ట్రాక్టరు వెనక తొట్టిలోంచి వేలాడుతున్న గడ్డి నా హెల్మెట్‌కి రాసుకుంటూ పోయింది. ఇంకో రెండడుగులైతే కాలవలో ఉండేవాణ్ణి.

బావమరిది పరుగెత్తుకొచ్చాడు. నేను మాత్రం గడ్డిలో కూర్చుని, చూశావుగా నీ పనితనం అన్నాను. అతను నా బండి లేపి స్టాండు వేశాడు.

తరవాతి వారం ఇంటికొచ్చి, బైకు నడపడం నేర్పే క్లాసుందని, ఇద్దరం వెళ్దామని అన్నాడు. బండి నడపడం నాకు నేర్పేవాళ్లెవరని అడిగాను. మలుపుల్లో ఎలా కూర్చోవాలో, బరువు ఎటు వెయ్యాలో చెబుతారట. నాకు విషయం అర్థమైపోయింది. బండిది కాదు తప్పు నడిపేవాడిదని ఎవరో బయటివాళ్ల చేత అనిపించాలని ఇతని ఎత్తు. సరే, ఆ ఎత్తేదో చూద్దామనే వెళ్లాను.

క్లాసు జరిగేది ఊరి బయట ఒక వెంచరులో. రోడ్లు వేశారు, డివైడర్లలో పూలమొక్కలు నాటారు, ఇళ్లు మాత్రం లేవు. చివర్లో ప్లాటు అంటగడతారని నాకు ఖాయమైపోయింది. గేటు దగ్గర ఫోన్ నంబరు రాయమంటే ఒక అంకె మార్చి రాశాను. నేర్పేది ఒక అమ్మాయి, పాతికేళ్లు దాటి ఉంటాయి. చెన్నై దగ్గర రేసు ట్రాకు మీద నడిపిందట. నడిపిందో లేదో మనకెలా తెలుస్తుంది? మా బావమరిదిని చూసి ఆమె నవ్వితే, ముందే మాట్లాడుకున్నారన్నమాట అనుకున్నాను.

అయితే చెప్పడం మాత్రం బాగా చెప్పింది. మోకాళ్లతో ట్యాంకుని పట్టుకోమంది, చేతులు హ్యాండిల్ మీద వేలాడెయ్యకూడదంది. బ్రేకు మలుపుకి ముందే వేసుకోవాలి, మలుపులో కాదు. ఎటు తిరుగుతున్నామో ఆ వైపుకి భుజం కొంచెం దించి, మలుపు ఎక్కడ పూర్తవుతుందో అక్కడికి చూపు పంపాలి. దేన్ని చూసి భయపడతామో దాన్నే చూస్తూ ఉంటే బండి నేరుగా అక్కడికే పోతుందంది. నేను పుట్టినప్పటి నుంచీ భయమున్న వైపే చూస్తూ బతికినవాణ్ణి. ఆ మాట కాస్త గుచ్చుకుంది.

రోడ్డు మీద ప్లాస్టిక్ కోన్లు పెట్టి ఒక్కొక్కర్నీ తిప్పించింది. నా వంతు రాగానే ఎడమ మలుపులో ఎప్పట్లాగే కోన్లు దాటి అవతలికి పోయాను. బండిలోనే లోపం ఉందన్నాను. ఆమె వాదించలేదు. నా బండి తీసుకుని అదే మలుపు తిరిగొచ్చింది, గీత గీసినట్టు. తరవాత ఒక సుద్దముక్క తెచ్చి, సీటు సరిగ్గా మధ్యలో గీత గీస్తానంది. నేనే గీస్తానన్నాను. టేపు అడిగి తీసుకుని, కొలిచి, నా చేత్తో నేనే గీశాను. ఒక చుట్టు తిరిగొచ్చి దిగమంది. దిగాను. నల్ల ప్యాంటు వేసుకున్నాను, సుద్ద స్పష్టంగా అంటుకుంది. మధ్యలో ఉండాల్సిన గీత నా ఎడమ జేబు కింద ఉంది.

అంటే నేను సీటు మధ్యలో కూర్చోవడం లేదు. కుడికి జరిగి, దాదాపు అంచు మీద కూర్చుంటున్నాను. పైగా ఎడమ మలుపులో బండిని అసలు వంచడం లేదట, కర్ర పాతినట్టు నిలబెట్టి ఉంచుతున్నానట. ఇంక అది తిరగమంటే ఎలా తిరుగుతుంది? కొలిచింది నేను, గీసింది నేను, కూర్చున్నది నేను. అనుమానించడానికి ఎవరూ మిగల్లేదు. నడుము దెబ్బేమైనా తగిలిందా సార్ అని ఆ అమ్మాయి అడిగింది. లేదన్నాను. వెనక రోజూ ఎవరినైనా ఎక్కించుకుంటారా అని అడిగింది. ఎవరూ లేరన్నాను.

బావమరిది పక్కనే హెల్మెట్ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"బావా, నువ్వింకా అక్కని ఎక్కించుకునే నడుపుతున్నావు" అన్నాడు.

ఆమె ఎప్పుడూ ఒక పక్కకే కూర్చునేది, కాళ్లు రెండూ ఎడమకి వేసి, ఆ చిన్న పలక మీద పాదాలు ఆనించి. చీర కట్టుకున్న మా ఊళ్ల ఆడవాళ్లు ఎవరైనా అలాగే కూర్చుంటారు. బరువంతా ఎడమకి పడుతుంది కాబట్టి నేను కుడికి జరిగేవాణ్ణి. బండి ఎడమకి వంగితే పాదాలు రోడ్డుకి రాసుకుంటాయని ఆమెకి భయం. లాకుల దగ్గరికి వచ్చేసరికి నా భుజం గట్టిగా పట్టుకునేది. అందుకని ఎడమ మలుపు వస్తే వేగం బాగా తగ్గించి, బండిని వంచకుండా నిలబెట్టి, హ్యాండిల్ తోనే తిప్పేవాణ్ణి. పెళ్లయిన దగ్గర్నుంచీ అంతే. ఇప్పుడు వెనక ఎవరూ లేక వేగం పెరిగింది గానీ ఒళ్లు మాత్రం అక్కడే ఉంది. ఎప్పుడూ అలా కూర్చుంటున్నానని నాకే తెలియదు. వెనక బండి మీద వస్తూ అతను చూశాడు.

నాకు కోపం వచ్చింది. బయటి మనిషి ముందు ఆ మాట అన్నందుకు, అది నిజమైనందుకు కూడా. పాత ప్రశ్నే అడిగాను, ఆ రోజు బండి పడేశావా లేదా అని.

"పడేశాను బావా. లాకుల దగ్గరే. అక్క గుర్తొచ్చి కళ్లు కనపళ్లేదు. బురదలో పడింది, అద్దం మార్పించి, కడిగి తెచ్చాను."

మరి ఇన్నాళ్లూ లేదని ఎందుకన్నావని అడిగాను.

"మొదట సిగ్గేసి. తరవాత నీ వెనక రెండు మూడుసార్లు వచ్చాక సంగతి అర్థమైంది. పడేశానని ఒప్పుకుంటే తప్పంతా బండిదేనని కూర్చుంటావు, నీ కూర్చోడం మారదు. నన్ను అబద్ధాలవాడనుకున్నా పర్లేదనుకున్నాను. మా ఇంట్లో ఒకళ్లు పోయింది చాలు బావా."

నా అనుమానం అక్షరాలా నిజమైంది. కడిగిన బండిని చూసిన క్షణంలోనే పట్టేశాను. ఏడాదిగా ఆ ఒప్పుకోలు కోసమే కాచుకుని ఉన్నాను. తీరా చేతికొచ్చాక దాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు.

ఆ అమ్మాయి నన్ను మళ్లీ బండెక్కించింది. సీటు మధ్యలోకి జరగమంది, జరిగాను. ఎడమ మలుపులో భుజం దించమంది. దించలేకపోయాను. బండి కొంచెం వంగబోయేసరికి మా ఆవిడ పాదాలు రోడ్డుకి తగులుతాయని ఒళ్లు బిగుసుకుపోయింది. వెనక ఎవరూ లేరని మనసుకి తెలుసు, నడుముకి తెలియదు. పైగా ఒక్కమాటు సరిగ్గా వంచానంటే ఆమె కూర్చున్న చోటు ఇంక ఉండదు. నాకది ఇష్టం లేదు. మూడోసారి కూడా కోన్లు దాటిపోయి ఆగినప్పుడు, ఇంక ఇంటికి పోదామన్నాను.

బావమరిది తన బండి దిగి వచ్చాడు. అడక్కుండానే నా వెనక ఎక్కాడు. రెండు పక్కలా కాళ్లు వేసి, సీటంతా నింపుకుని కూర్చున్నాడు. ఎరువుల కొట్లో కూర్చుని పెరిగిన ఒళ్లు, టైరు ఒక్కసారిగా కిందికి దిగింది. నువ్వెటు వంగితే నేనూ అటే వంగుతా బావా, పోనివ్వు అన్నాడు.

మెల్లగా పోనిచ్చాను. మలుపుకి ముందే బ్రేకు వేశాను. చివరి కోను దాటి అవతలున్న వేపమొక్క వైపు చూశాను. భుజం దించాను. వెనకాల అతనూ దించాడు. బండి ఎడమకి వాలి, కోన్ల లోపలి నుంచి తనంతట తనే తిరిగింది. రోడ్డుకి ఏ పాదమూ తగల్లేదు. ఆమె లేదని నాకప్పుడు తెలిసింది. సమాధి దగ్గరికి అన్నిసార్లు వెళ్లొచ్చినా తెలియనిది, అక్కడ, ఇళ్లు లేని ఆ రోడ్డు మీద తెలిసింది.

కొంచెం దూరం వెళ్లి బండి ఆపాను. హెల్మెట్ తియ్యకుండానే ఏడ్చాను. వెనక నుంచి అతను దిగలేదు.