జుట్టు పట్టే ఘట్టం

మా అక్క కూతుర్ని అందరూ బొంగరం అంటారు. నాట్యబృందంలో దానంత వేగంగా తిరిగే మనిషి లేదు. అక్కడే బట్టలు కుట్టేదాన్ని నేను. అందుకే దాని ఒంటిమీద ఏ దెబ్బ ఎప్పుడు తగిలిందో వాళ్ళమ్మకన్నా నాకే ముందు తెలిసేది. కొలత తీస్తుంటే పక్కటెముకల దగ్గర మెలికలు తిరిగిపోయేది.

"ఏమిటే ఇది?"

"నాటకంలో తగిలింది పిన్నీ."

నాటకమట! కట్టుకున్నవాడే జతగాడు, వాడే మాస్టారు. ప్రేమించుకున్న ఇద్దరు ఒకరినొకరు పీక్కుతినడమే వాళ్ళ కొత్త నృత్యనాటకం. వేదిక మీద ఇద్దరూ కొట్టుకుంటుంటే, వెనక తెరమీద వాళ్ళ ముఖాలే గోడంత పెద్దవై సినిమాలో ఆడతాయి. ఆ సినిమా తీసిన రోజు వాడు దాన్ని నిజంగానే కొట్టాడు. "కెమెరా దగ్గరగా ఉంది, ఉత్తుత్తి దెబ్బ తెలిసిపోతుంది" అన్నాడు. దాని పెదవి చిట్లి నెత్తురు గడ్డం మీదికి కారింది. అద్భుతంగా వచ్చిందని అందరూ వాడి భుజం తట్టారు. ఇదేమిటని నేనడిగితే, "కళంటే అంతే, మీకు తెలీదులెండి" అన్నారు. వాళ్ళకంటే గోడకి చెప్పుకోవడం నయం.

కొట్టుకునే నాట్యంలో ఒక కట్టుబాటుంది. పగ్గాలు దెబ్బ తినేవాళ్ళ చేతిలోనే ఉండాలి. జుట్టు పట్టి ఈడ్చేటప్పుడు వాడు జుట్టు పట్టకుండా దాని నెత్తిమీద ఉత్త పిడికిలి పెట్టాలి. అది రెండు చేతులతో వాడి మణికట్టు పట్టుకుని తనే పాకుతూ పోవాలి. చేతులు వదిలేసిందంటే ఆపమని అర్థం. నిన్నగాక మొన్న చేరినవాళ్ళకీ ఇది తెలుసు.

మొదటి ప్రదర్శనకు ముందు దాని కమిలిన మెడకి రంగు పూస్తూ, "ఇంటికొచ్చెయ్యవే" అన్నాను.

"వస్తే నేనే కాపురం కూల్చుకున్నానంటారు పిన్నీ. వీళ్ళలో ఒక్కరైనా నమ్మాలి."

ఆ ఘట్టం వచ్చింది. కాస్త దూరం పాకి, బొంగరం రెండు చేతులూ వదిలేసి పక్కలకి చాచింది.

వాడు ఆగలేదు. ఈడ్చాడు. దాని మెడ వెనక్కి విరుచుకుపోయింది, మోకాళ్ళు చెక్కమీద చెక్కుకుపోయాయి. అరిచింది. వెనక తెరమీద చిట్లిన పెదవి. జనం ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. పక్కన నిలబడ్డ నాట్యగాళ్ళ ముఖాల్లో మాత్రం నెత్తుటి చుక్క లేదు.

డ్రమ్ము ఆగింది. వాయించే పెద్దాయన లేచొచ్చి వాడి పిడికిలి బలవంతంగా విప్పాడు. జుట్టు చర్మంతో సహా ఊడొచ్చింది.

"నాటకంలో భాగమే కదండీ" అన్నాడు వాడు రొప్పుతూ.

పెద్దాయన లాగి ఒక్కటిచ్చాడు. వాడు తెరమీద పడ్డాడు, తెర చిరిగింది. నాకు పట్టరాని సంతోషం కలిగింది, దాచడమెందుకు.

హాల్లో జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. బొంగరం నెత్తురోడుతున్న తలతో బృందం వైపు తిరిగింది.

"చూశారా?"

ఎవరూ తలెత్తలేదు. పెద్దాయన ఒక్కడే, "చూశానమ్మా" అన్నాడు.

"అయితే పద పిన్నీ, ఇంటికి."