చెవి వెనక రెండువేళ్ళంత జుట్టు

పదకొండేళ్ళుగా ఒక్క మాట మోస్తున్నాను. పెద్ద మాటేం కాదు. "అయ్యుండొచ్చు" అన్నాను, అంతే. నా భార్య ఒక ప్రశ్న అడిగితే, వంటగది గుమ్మంలో నిలబడి, చెప్పులు కూడా విప్పకుండా అన్న మాట. ఆ మాట అన్నానని ఆమెకి గుర్తుందో లేదో నాకు తెలియదు. దాన్ని నమ్మిందని మాత్రం తెలుసు. ఇప్పటికీ నమ్ముతోంది.

పేర్లు రాయను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియక్కర్లేదు. తెలిసినవాళ్ళకి చెప్పగలిగితే ఎప్పుడో చెప్పేవాణ్ణి.

నాది సినిమాల్లో డైరెక్షన్ డిపార్ట్‌మెంట్. ఫిల్మ్ నగర్ బస్తీలో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం అప్పుడు. నేను కంటిన్యుటీ చూసేవాణ్ణి. అంటే, ఈరోజు తీసిన షాటుకీ నెల తర్వాత తీసే షాటుకీ తేడా రాకుండా కాపలా కాయడం. హీరో చొక్కా గుండీ ఎన్ని విప్పుకున్నాడు, గ్లాసు ఏ చేతిలో ఉంది, బొట్టు ఎంత కిందికి ఉంది, అన్నీ ఫొటోలు తీసి రాసిపెట్టుకోవాలి. ఈ పనిలో నా అంతవాడు లేడని పేరు. ఆ పేరంటే నాకు చాలా ఇష్టం. ఇది కూడా ఒప్పుకోవాల్సినదే.

ఆ సినిమాలో హీరో మేనకోడలిగా ఆరేళ్ళ పిల్ల కావాల్సి వచ్చింది. అనుకున్న పిల్ల చివరి నిమిషంలో రాలేదు. మా పాపని తీసుకెళ్ళాను. పాప భయపడకుండా చేసింది, అందరూ ముద్దు చేశారు. రెండు పిలకలు వేయించింది నేనే. చెవులు బాగా కనపడాలి, అప్పుడే ముఖం ముద్దొస్తుంది అన్నాను. సగం సినిమా అలాగే తీశాం.

ఆ మధ్యలోనే పాప కుడి చెవి కారడం ఎక్కువైంది. చుక్కల మందుతో తగ్గడం, మళ్ళీ రావడం. బంజారా హిల్స్‌లో ఒక ఆసుపత్రిలో స్కాన్ తీసి చూసి డాక్టరుగారు చెప్పారు, చెవి లోపల ఒక పొర పెరుగుతోంది, అది ఎముకని తినేస్తుంది, ఆపరేషన్ చేసి తీసేయాలి అని. చెవి వెనక కోస్తారట. అక్కడ రెండువేళ్ళంత మేర జుట్టు గీసేస్తారట. "రేపే చేయాలని కాదు, కానీ ఆలస్యం చేయొద్దు" అన్నారు. ఆ వాక్యంలో మొదటి సగం నేను పట్టుకున్నాను, రెండో సగం నా భార్య పట్టుకుంది.

గురువారం అని తేదీ ఇచ్చారు.

ఆ వారం మా ఇల్లు ఎలా ఉండేదో మీకు చెప్పాలి. చెప్పకపోతే నేను చేసింది ఎంత పనో మీకు అర్థం కాదు. నా భార్య శ్రీనగర్ కాలనీలో ఒక స్కూల్లో టీచరు. స్కూలు నుంచి వచ్చి మిషను ముందు కూర్చునేది. తలమీంచి తొడిగే గౌన్లయితే కట్టుకి తగులుతాయని, ముందు గుండీలుండే గౌన్లు నాలుగు కుట్టింది. బొమ్మకి చెవి చుట్టూ తెల్ల రిబ్బను కట్టి, పాప పక్కన పడుకోబెట్టింది. డాక్టరంకుల్ చెవిలో చెత్త తీసేస్తారు, నువ్వు నిద్రపోతావు, లేచేసరికి అమ్మ ఉంటుంది అని రోజూ అదే కథ. ఆపరేషన్ రోజు పొద్దున ఏమీ తినకూడదు కదా, అందుకని తల్లీకూతుళ్ళు ఆకలికి ఓర్చుకునే ఆట ఆడేవాళ్ళు. మా అత్తగారు చీరాల నుంచి వచ్చారు. బుధవారం సాయంత్రం ఇంట్లో ప్రార్థనకి పాస్టరుగారిని పిలిచారు. పాప అద్దం ముందు నిలబడి చెవి వెనక వేలు పెట్టి చూసుకుని, "ఇక్కడ జుట్టు మళ్ళీ వస్తుందా నాన్నా?" అని అడిగేది. వస్తుందమ్మా అనేవాణ్ణి.

ఆదివారం చర్చికి వెళ్ళడానికి నా భార్య పాపకి తలకు పోసింది. చెవిలో నీళ్ళు పడకూడదని డాక్టరుగారు చెప్పారు. వాజలైన్ రాసిన దూది పెట్టి, పైన అరచేయి అడ్డం పెట్టి మరీ పోసింది. ఆపరేషన్ తర్వాత చాలా రోజులు తలకు పోయడం కుదరదని ఆమె ఆలోచన.

సోమవారం ఆమెకి స్కూల్లో పరీక్షలు. రక్తపరీక్షలకి నేనే తీసుకెళ్ళాను. డాక్టరుగారు చెవిలోకి లైటు వేసి చూశారు. "పొడిగా ఉంది, మంచిది, గురువారం తీసుకురండి" అన్నారు. నేను స్వయంగా విన్నాను. పొడిగా ఉంది.

మంగళవారం మధ్యాహ్నం జూబ్లీ హిల్స్ ఆఫీసులో ఉండగా కబురొచ్చింది. హీరో డేట్లు దొరికాయి, శనివారం నుంచి పది రోజులు, ఆఖరి సీన్లన్నీ లాగించేయాలి. అందులో పాప ఉంది. రెండు పిలకలతో ఉంది. డైరెక్టరుగారు నా భుజం మీద చెయ్యేసి, ఈ షెడ్యూలు సాఫీగా నడిపించు, తర్వాతి సినిమాకి కో-డైరెక్టర్‌వి నువ్వే అన్నారు. ఎనిమిదేళ్ళుగా ఆ మాట కోసం చూస్తున్నాను. పాపకి గురువారం ఆపరేషన్ ఉందని నేను చెప్పలేదు. చెప్తే ఏమనేవారు? తెలియదు. అడిగితే కదా తెలిసేది.

ఆఫీసు మెట్ల మీద నిలబడి ఆసుపత్రికి ఫోన్ చేశాను. పాపకి జ్వరం, జలుబు అన్నాను. ఎత్తినమ్మాయి ఎంత ఉందని అడిగింది. నూట ఒకటి అన్నాను. చూడండి, అంకె కూడా చెప్పాను. అబద్ధంలో కూడా కంటిన్యుటీ తప్పలేదు. జ్వరముంటే మత్తు ఇవ్వరు, పూర్తిగా తగ్గాక రండి అని ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా చెప్పింది. పది రోజులే కదా అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. మీరు నమ్మకపోయినా ఫర్వాలేదు.

ఇంటికి వెళ్ళేసరికి నా భార్య సంచి సర్దుతోంది. వంటగది గుమ్మం దగ్గర నిలబడి చెప్పాను.

"ఆపరేషన్ వాయిదా వేశారు. సోమవారం చూసినప్పుడు చెవి తడిగా ఉందట. ముందు అది ఆరాలంటున్నారు."

ఆమె చేతిలో గౌను అలాగే ఉండిపోయింది. 

"ఏవండీ, ఆదివారం నేను తలకు పోశాను కదా. దానివల్లేనంటారా?"

ఇక్కడ ఆగుతాను. ఇన్నేళ్ళుగా ఇక్కడే ఆగుతున్నాను. నేను అసలు ఆమె తలంటు గురించి ఆలోచించి రాలేదు. తడి అనే మాట నోటికొచ్చింది, అన్నాను. కారణం ఆమే అందించింది. కాదు అంటే, మరెందుకు తడిసింది అంటుంది. రేపు డాక్టర్ని అడుగుదాం పదండి అంటుంది. కాబట్టి కాదు అనలేదు.

"అయ్యుండొచ్చు," అన్నాను.

వెనక నుంచి మా అత్తగారు, "నే చెప్తూనే ఉన్నానే తల్లీ, తడిగుడ్డ పెట్టి తుడిస్తే సరిపోయేదని. విన్నావా నువ్వు?" అన్నారు. నా భార్య సంచిలోంచి గౌన్లు ఒక్కొక్కటే తీసి బీరువాలో పెట్టింది.

పది రోజుల షెడ్యూలు ఐదు వారాలైంది. హీరోకి కాలు బెణికింది, తర్వాత సెట్టు దొరకలేదు. నేను ఆసుపత్రికి ఇంకో రెండుసార్లు ఫోన్ చేశాను. ఒకసారి దగ్గన్నాను, ఒకసారి ఊళ్ళో చావన్నాను. ఇంట్లో మాత్రం చెవి ఇంకా ఆరలేదట అనేవాణ్ణి. నా భార్య గంటగంటకీ పాప చెవిలో దూది మార్చేది. రాత్రి పడుకునేముందు ఆ చెవి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేది. పొద్దున్నే పాపకి పిలకలు వేసి షూటింగ్‌కి తీసుకెళ్ళేవాణ్ణి.

చివరికి పాపని ఆసుపత్రిలో చేర్చుకునే రోజున డాక్టరుగారు ఆమెనే అడిగారు, "జ్వరం పూర్తిగా తగ్గిందామ్మా?" అని. ఆమె నోరు తెరిచేలోపు "తగ్గింది సార్" అన్నాను. ఆమె నావైపు చూసింది. బయటికొచ్చాక, ఎవరితోనో పొరబడి ఉంటారు అన్నాను. అవునేమో, ఎంతమందిని చూస్తారు పాపం, అంది. అనుమానించడం ఆమెకి చేతకాదు. నా అబద్ధాలన్నీ ఆమె మంచితనం మీదే నిలబడ్డాయి.

ఆపరేషన్ బాగానే జరిగింది. కానీ పొర లోపలి దాకా వెళ్ళిపోయింది. చెవిలో ఉండే చిన్న ఎముకలు మిగల్లేదు. ఆ చెవికి ఇక వినపడదన్నారు. ఎప్పుడు తినేసిందో చెప్పలేం, ముందే తీసి ఉంటే కొంత మిగిలేదేమో అని కూడా అన్నారు. "ఏమో" అనే ఆ అక్షరాల కింద నేను చాలాకాలం తలదాచుకున్నాను. గురువారమే చేసినా ఇంతేనేమో. ఏమో. నా భార్యకి ఆ నీడ కూడా లేదు. ఆమె తన చేతులకేసి చూసుకుంటూ కూర్చుంది.

ఆ తర్వాత రెండు నెలలకి చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచింది. నా నిర్లక్ష్యం వల్ల నా బిడ్డ చెవి పోయింది, ప్రభువు నన్ను క్షమించాలి అని అందరి ముందు ఏడ్చింది. నేను మగవాళ్ళ వైపు మూడో వరసలో ఉన్నాను. అందరూ ఆమెన్ అంటే నేనూ ఆమెన్ అన్నాను.

ఆ రోజు నుంచి పాపకి ఆమె తలకు పోయలేదు. "మీరు పోయండి, నా చేతులు వద్దు" అంది. పాపకి పన్నెండేళ్ళు వచ్చేదాకా ప్రతి శనివారం నేనే పోశాను. చెవి వెనక సన్నటి గీత ఉంటుంది. దాని మీద జుట్టు మళ్ళీ వచ్చింది. నేను చెప్పినట్టే.

కో-డైరెక్టర్‌నయ్యాను. ఆ సినిమా ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఆఖరి సీన్లలో పాప హీరో భుజం మీద తల వాల్చి ఉంటుంది, లేదా ఎడమ నుంచి కనపడుతుంది. కుడి చెవి ఒక్క ఫ్రేములో కూడా లేదు. ఉన్నా ఏమయ్యేది కాదు. కట్టు విప్పేదాకా పాప సీన్లు వెనక్కి జరిపితే చాలు. ఆ సినిమాకి పనిచేసిన హెయిర్‌డ్రెస్సర్ ఒకావిడ ఈ మధ్య కలిసింది. ఎవరి పిల్ల సంగతో అన్నట్టుగా అడిగాను, చెవి వెనక కొంచెం గీసేస్తే ఎలా కవర్ చేస్తావు అని. ఆమె నవ్వింది. "గింత జుట్టు ప్యాచ్ అంటిస్తే అయిపాయె గద సార్, పది నిమిషాల పని. గీ మాత్రానికి ఎందుకు ఫికర్?" అంది. సెట్లో ఆమె నా పక్కనే కూర్చునేది. నేను ఆమెని కూడా అడగలేదు.

ఒకసారి పాపకి చెప్పాను. చెప్పాను అంటే, కారులో. కారులో నా పక్కన కూర్చుంటే ఆమె కుడి చెవి నా వైపు ఉంటుంది. జూబ్లీ హిల్స్ చెక్‌పోస్ట్ సిగ్నల్ దగ్గర, అద్దాలు దించి ఉన్నాయి, పక్కన బస్సు. పాప బయటికి చూస్తోంది. మామూలు గొంతుతో మొత్తం చెప్పేశాను. ముఖం నావైపు తిప్పి, "ఏమన్నావు నాన్నా?" అంది. ఏం లేదమ్మా అన్నాను. వినపడదని తెలిసే చెప్పాను. నా పిరికితనానికి ఇంతకంటే రుజువు మీకు అక్కర్లేదు.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మొన్న ఆదివారం పాప జుట్టు పొట్టిగా కత్తిరించుకుని వచ్చింది. పదిహేడేళ్ళు, తన ఇష్టం. చెవి, వెనక గీత, అన్నీ కనపడుతున్నాయి. మధ్యాహ్నం భోజనాల దగ్గర నా భార్య అది చూసి చూపు దించుకుంది. పాప గమనించింది. లేచి వెళ్ళి తల్లి మెడ చుట్టూ చేతులేసి, "అమ్మా, ఊరుకో. తెలియక పోశావు. నాకు నీమీద ఎప్పుడూ కోపం లేదు" అంది. నా భార్య ఎంత ఏడ్చిందని! పదకొండేళ్ళ ఏడుపూ ఏడ్చింది. నేను పెరుగన్నం కలుపుకుంటున్నాను. కలుపుతూనే ఉన్నాను.

నా కూతురు క్షమించడం కూడా అయిపోయింది. ఆ క్షమాపణ చేయని తప్పుకి ఖర్చయిపోయింది. చేసినవాడికి ఏమైనా మిగిలుంటుందా అని నేను అడగను, అడిగే ముఖం లేదు.

ఈ కాగితం వాళ్ళకి చూపిస్తానో లేదో మీకు మాటివ్వలేను. నన్ను నేను నమ్మను. కానీ ఇన్నేళ్ళుగా నోరు పెగలని మాట ఒకటి ఇక్కడ రాసి చూసుకోవాలనుంది. ఆమె ఆ గుమ్మానికి ఎదురుగా గౌను పట్టుకుని ఇంకా నిలబడి ఉందనుకుంటాను. దానివల్లేనంటారా అని అడుగుతోంది.

కాదు. నీ చేయి అడ్డం ఉంది. ఒక్క చుక్క పోలేదు. సోమవారం ఆ చెవి పొడిగా ఉంది.