రికార్డు అవతలి వైపు పాట

నిన్న పొద్దున చాయ్ గిన్నె స్టవ్ మీద పెట్టానో లేదో, ఫోన్ మోగింది. యూసుఫ్.

"వదినమ్మా... మన ఓదెలు పోయిండు."

చాయ్ పొంగి స్టవ్ అంతా పారింది. చూస్తూ అలాగే నిలబడ్డాను.

ఓదెలు నా మరిది. మా ఆయన తమ్ముడు. అన్నదమ్ములిద్దరిదీ బొగ్గుబాయిలోనే పని. ఇప్పటి పిల్లలకు ఆ పేరు తెలియకపోవచ్చు. "దిగుతున్నదో మామా, లిఫ్టు దిగుతున్నదో" అంటే మాత్రం మన బెల్లంపల్లిలో ముసలివాళ్ల కాళ్లు కూడా ఆడతాయి. ఆ పాట కట్టింది, పాడింది, గిటారు వాయించింది అతనే. డ్రమ్ములు యూసుఫ్.

నేను పెళ్లయి బొగ్గుబాయి కాలనీకి వచ్చినప్పుడు నాకు పదహారు. చదివింది నాలుగో తరగతి. ఆంధ్రప్రదేశ్ వచ్చి పదేళ్లవుతున్న రోజులు.

రెండు గదుల క్వార్టర్. ముందు గది మగవాళ్లది. నాది వంటగది. దాని కిటికీకి ఇనుప జాలీ. నేను చూసిన లోకమంతా ఆ జాలీ కన్నాల్లోంచే. కాసేపు అక్కడ నిలబడితే చాలు, అత్త అందుకునేది.

"గా కిటికి కాడ ఏమన్న పంచుతుండ్రా పిల్లా?"

తల దించుకుని పొయ్యి దగ్గరికి పోయేదాన్ని.

ఓదెలుకు ఆఫీసర్ల క్లబ్బులో మోగే గిటారు అంటే పిచ్చి. నిర్మల్ పోయి, బొమ్మలు చెక్కే ఆయనతో పొనికి కట్టెతో ఒకటి చేయించుకొచ్చాడు. బొమ్మలకు ఆ కట్టె మంచిదే. మెత్తన, దూదిలాంటి తేలిక. కానీ తీగలు బిగించే మరలు అందులో నిలవవు. పాట మధ్యలో తీగలు వదులై స్వరం కిందికి జారిపోయేది.

"గిటారు తెమ్మంటె ఏనుగు బొమ్మ తెచ్చిండు వదినమ్మా!" అని యూసుఫ్ ఒకటే నవ్వు.

హైదరాబాద్‌లో రికార్డు చేసే రోజు కూడా అదే జరిగిందట. "దిగుతున్నదో" అనగానే తీగలు జారాయి. ఓదెలు ఆపబోయాడు. రికార్డు ఆయన చెయ్యి ఊపి, ఆపొద్దు అన్నాడట. అచ్చం లిఫ్టు బాయిలోకి దిగుతున్నట్టే వినిపించింది మరి.

అంతే. పాట అంటుకుంది. ఇచ్చోడ నుంచి హుజూరాబాద్ దాకా ఏ హోటల్లో విన్నా అదే. మా వంటగది కిటికీకి ఎదురుగా ఉన్న హోటల్లో పొద్దస్తమానం అదే. మా అత్త కూడా బియ్యం ఏరుతూ తల ఊపేది.

ఆ రికార్డుకు అవతలి వైపు ఇంకో పాట ఉంది.
దాన్ని ఎవరూ వినలేదు.

"వదినె, గటు దిక్కుది నీ పాటనే. నువ్వు కిటికి కాడ నిలబడేది చూసి కట్టిన" అన్నాడు ఓ రోజు.

సిగ్గుతో నాకు చెమటలు పట్టాయి. వినాలని మాత్రం ప్రాణం కొట్టుకుంది. ఇంట్లో గ్రామఫోన్ లేదు. ఆడవాళ్లు హోటల్‌కు పోరు.

అతనే ఉపాయం చెప్పాడు. "రేపు పగటీలి జర కిటికి కాడ ఉండు. హోటల్ల పెట్టిపిస్త."

మర్నాడు మధ్యాహ్నం అత్త కునుకు తీస్తోంది. నేను జాలీ పట్టుకుని నిలబడ్డాను. సన్నగా గిటారు మొదలైంది. తర్వాత అతని గొంతు.

"కిటికి అవుతల ఎండ పోతున్నది..."

ఆ ఒక్క ముక్కే. హోటల్లో బల్లలు చరిచారు.

"గిదేంది బే! తిప్పు, తిప్పు! లిఫ్టు పెట్టు!"

గర్రుమని ముల్లు లేచిన చప్పుడు. మళ్లీ "దిగుతున్నదో". ఈలలు.

ఓదెలు హోటల్ మెట్ల మీద ఉన్నాడు. జనం అతని భుజాలు తడుతున్నారు. అతను నా కిటికీ వైపు చూస్తున్నాడు. అంత పేరొచ్చిన మనిషి మొహం అట్లా చిన్నబోయి ఉంటుందని నేననుకోలేదు.

సాయంత్రం పెరటి మెట్టు మీద గిటారు పట్టుకుని కూర్చున్నాడు.

"ఇన్నవా వదినె?"

"ఒక్క ముక్క ఇన్న మరిదీ. నడుమల్నే తీసేసిండ్రు."

నవ్వాడు. "అయితె కడమది ఇను."

మొత్తం పాడాడు. నేను లోపల రొట్టెలు చేస్తూ విన్నాను. రొట్టె మాడింది. అత్త తిట్టింది. ఆ తిట్లు ఒక్కటీ గుర్తులేవు. పాట ప్రతి మాటా గుర్తుంది.

తర్వాత మంచి గిటారు కొన్నాడు. తీగలు నిలిచేవి. జనం ఒప్పుకోలేదు.

"జారనియ్ ఓదెలూ, జారనియ్!"

మళ్లీ పొనికి గిటారే తీశాడు. కొత్త పాట ఎత్తుకుంటే మొదటి చరణం దాటనివ్వరు. పెళ్లికి పోయినా, రిటైర్మెంట్ ఫంక్షన్‌కు పోయినా ఆ ఒక్కటే. కింద బాయి, పైన ఆ పాట.
బతుకంతా దిగుతూనే ఉన్నాడు.

మొన్న ఒంట్లో బాగాలేదంటే చూడ్డానికి పోయాను. నా చెయ్యి పట్టుకున్నాడు.

"వదినె, గటు దిక్కుది యాదికున్నదా?"

"ఎందుకుండది మరిదీ."

"నేను పోయినంకనన్న ఎవలన్న ఇనాలె. నడుమల ఆపకుంట."

నిన్న సాయంత్రం మట్టిలో పెట్టారు. కిందికి దింపుతుంటే ఎవరో ఫోన్లో సౌండ్ పెంచారు. "దిగుతున్నదో..."
ప్రేమతోనే పెట్టారు. నాకు తెలుసు.
యూసుఫ్ నా వైపు చూసి, మొహం తిప్పుకున్నాడు.

రికార్డు ఇప్పుడు ఎవరి దగ్గరా లేదు. ఎవరో ఫోన్లోకి ఎక్కించిన ఆ ఒక్క వైపే మిగిలింది. అవతలి పాట తాళం యూసుఫ్‌కు గుర్తుంది, మాటలు గుర్తులేవు.

నలుగురిలో ఏనాడూ నోరు విప్పని దాన్ని నేను. ఇవాళ పొద్దున మనవరాలు ఫోన్ ఎదురుగా పెట్టి "కానియ్యి బాపమ్మా" అంది. యూసుఫ్ బల్ల మీద వేళ్లతో తాళం వేశాడు.

కింద వీడియోలో గొంతు నాది. వణుకుతుంది. ఏమనుకోకండి.

"కిటికి అవుతల ఎండ పోతున్నది
కిటికి ఇవుతల పొద్దు పోతలేదు..."

చివరి దాకా వినండి. అంతే అడుగుతున్నాను.

మరిదీ, ఇగ తిప్పుమనేటోళ్లు లేరు.
నిమ్మళంగ పండుకో.