మా కోరంగి సారంగు సమాధి

బహ్రెయిన్‌లో మూడు వందల సమాధులకు సున్నం వేశానని మా వీధిలో అందరికీ చెప్పాను. నిజం చెప్పాలంటే నేను వేసింది సమాధులకు కాదు, చుట్టూ ఉన్న గోడకు. అది కూడా లోపలి వైపే. బయటి వైపు వేరే కంపెనీవాళ్లు వేశారు.

తొంభైల మొదట్లో మాట. మనామాలో పాత క్రైస్తవ శ్మశానం గోడకు సున్నం వేయడానికి మా కంపెనీ నన్ను పంపింది. గేటు పక్క గదిలో గోవా ముసలాయన ఒకడు వాచ్‌మన్‌గా ఉండేవాడు. రాళ్ల మీది అక్షరాలు నాకు రావు కాబట్టి ఎవరు ఎవరో ఆయనే హిందీలో చెప్పేవాడు. ఓడలో జ్వరమొచ్చి పోయిన ఇంగ్లీషు నావికులు, అమెరికా నుంచి వచ్చిన నర్సు, ఆర్మీనియా వర్తకుడు, బస్రా నుంచి వచ్చిన దర్జీ, గోవా గుమాస్తా. అందరూ అక్కడ చమురు పడకముందు, ముత్యాల వ్యాపారం నడిచే రోజుల్లో వచ్చినవాళ్లు.

పని అయిపోయాక కూడా శుక్రవారాలు వెళ్లి అక్కడి వేపచెట్టు కింద కూర్చునేవాణ్ని. ఆయన టీ ఇచ్చేవాడు. ఒక్కటే షరతు పెట్టాడు: "ఒక్కడివే రా, భాయ్."

ఒక్కణ్నే వెళ్తే ఈ కథ ఉండేది కాదు.

క్యాంపులో అన్నాలు తినే చోట ఈ సంగతులన్నీ చెబుతుంటే ఒక కేరళ ప్లంబరు నవ్వాడు. "అన్ని దేశాలవాళ్లూ వచ్చారు. మీ ఆంధ్రావాళ్లు మాత్రం వీసా ఏజెంటు పుట్టాక వచ్చారు," అన్నాడు. నాకు ఒళ్లు మండింది. వేపచెట్టు పక్కన రాయి లేని సమాధి ఒకటి ఉందనీ, అది మా కోరంగి సారంగుదనీ అన్నాను. తెరచాప ఓడ నడుపుకుంటూ వచ్చి ఇక్కడే పోయాడన్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. ఆరడుగుల మనిషన్నాను, కోరమీసాలన్నాను, మా తాతకు మేనమామ అన్నాను.

ప్లంబరు నోరు మూశాడు. మావాళ్లు తెరిచారు.

"కోరంగి అంటే మా కాకినాడ పక్కనే కదా, బాబాయ్. మనోడే," అన్నాడు తాపీ మేస్త్రి.

"ఆ కాలంలో ఓడలన్నీ మా నర్సాపురంలోనే కట్టేవోరు. ఆయన మావోడు," అన్నాడు ఇంకొకడు. పచ్చడన్నం ఆరిపోయేదాకా కొట్లాడుకున్నారు. మూడోవాడికి సందేహం వచ్చింది: "మరి కాల్చకుండా పూడ్చారేంటి?"

"ఈ ఇసకలో కట్టెలెక్కడ దొరుకుతాయిరా," అన్నాను. అబద్ధానికి నాకు తడుముకునే అలవాటు లేదు.

తర్వాతి శుక్రవారం నలుగురు నా వెంట వచ్చారు. ఆ పైవారం పదిమంది. జింజ్ పేటలో ఇంటిపని చేసే రాజోలు అమ్మాయి ఒకతె వారం వారం మల్లెదండ తెచ్చేది. గంట కొట్టి కర్పూరం వెలిగించారు. కొబ్బరికాయ కొట్టడానికి గట్టి రాయి కావాలి కదా, అమెరికా నర్సు రాయి మీద కొట్టారు. నేనుండగానే. వద్దని అనాల్సింది నేనే. అనలేదు, ప్రసాదం తీసుకున్నాను.

ఒకరోజు వాచ్‌మన్ టీ ఇవ్వలేదు. శ్మశానం చూసుకునే పెద్దలు వచ్చి కొబ్బరి చిప్పలు చూశారట. "ఇంకో శుక్రవారం ఇలా జరిగితే నన్ను ఇంటికి పంపేస్తారు. ఈ వయసులో నాకింకో వీసా ఎవడిస్తాడు? తెచ్చింది నువ్వు. తీసుకుపోయేదీ నువ్వే," అన్నాడు.

ఆ సాయంత్రమే క్యాంపులో ఒప్పుకున్నాను. సారంగు లేడు, మేనమామ లేడు, అంతా కోతలేనని చెప్పాను. ఒక్కడంటే ఒక్కడు నమ్మితే ఒట్టు.

"వాచ్‌మన్ బెదిరించాడా, బాబాయ్? మేం మాట్లాడతాంలే."

"చుట్టరికం చెబితే ఖర్చులు మీద పడతాయని భయపడుతున్నాడ్రా," అన్నాడు మేస్త్రి. "నువ్వేం పెట్టక్కర్లేదు బాబాయ్. ఈ శుక్రవారం నేనే అరుగు కట్టేస్తాను."

కోరమీసాలు ఒక్క మాటకే నమ్మినవాళ్లు, లేడంటే మాత్రం సాక్ష్యం అడిగారు. నా మీద నాకే విసుగొచ్చింది. వాళ్ల మీద ఇంకా ఎక్కువొచ్చింది.

శుక్రవారం మేస్త్రి సిమెంటు బస్తాతో వచ్చాడు. వెనక జనం. వాచ్‌మన్ గేటుకు తాళం వేసి నిలబడ్డాడు. మేస్త్రినొక్కణ్ని పది నిమిషాలు రానివ్వమని బతిమాలాను. నా ముఖం చూడకుండా తాళం తీశాడు.

మా మేస్త్రి టేపు పెట్టకుండా ఇటుక ముట్టడు. కూర్చుని ఇసక తోశాడు. కింద చుట్టూ పేర్చిన రాళ్ల అంచు బయటపడింది. కొలిచాడు. మళ్లీ కొలిచాడు.

"మీ సారంగు ఎంత పొడుగన్నావు, బాబాయ్?"

"ఆరడుగులు."

"ఇది మూడడుగులు లేదు."

వాచ్‌మన్ గేటు దగ్గర్నుంచే అన్నాడు, "బచ్చా హై. ఈ గోడ పక్క వరసంతా పిల్లలే. వచ్చిన రోజు నుంచి చెబుతున్నాను, మీ గంట ఆగితే కదా వినడానికి." ఎవరి బిడ్డో శ్మశానం పుస్తకంలో కూడా రాసి లేదట.

ఏడాది పాటు దాని పక్కనే కూర్చుని టీ తాగాను నేను. ఒక్కసారీ సరిగ్గా చూడలేదు. ఇది మాత్రం కోత కాదు.

మేస్త్రి టేపు జేబులో పెట్టుకున్నాడు. సిమెంటు బస్తా అలాగే వదిలేసి, ఒక ఖాళీ సంచి అడిగి, కొబ్బరి చిప్పలన్నీ ఏరాడు. నర్సు రాయి మీది మరకను చొక్కాతో తుడిచాడు. బయటికి వెళ్లి జనానికి ఏం చెప్పాడో గానీ అందరూ వెనక్కి తిరిగారు. రాజోలు అమ్మాయి మాత్రం మల్లెదండను గేటు సందులోంచి వాచ్‌మన్‌కు అందించింది. "నువ్వే వెయ్యి, తాతా. ఇంక రానులే," అంది. ఆయనకు తెలుగు రాదు, అయినా తీసుకున్నాడు.

మరుసటి శుక్రవారం ఎవరూ రాలేదు. ఆయన ఉద్యోగం ఆయనకుంది. నేను వెళ్తే టీకి బదులు చీపురు చేతికిచ్చాడు. "చుట్టానివి కదా, ఊడువు," అన్నాడు.

ఊరికి వచ్చేసేదాకా ప్రతి వారం ఆ శ్మశానమంతా నేనే ఊడ్చానని మా వీధిలో చెబుతుంటాను. ఊడ్చింది ఆ మూడడుగులూ, పక్కన నర్సు రాయీ. ఎండాకాలం అదీ మానేశాను. వాచ్‌మనే ఊడ్చుకున్నాడు.