తెరల వెనక ఎరుపు

మొలకలు పెంచే ఆ షెడ్డులో అతన్ని అందరూ దీపాలాయన అనేవారు. అరల మీద దీపాలు బిగించడం, మాడిపోయినవి మార్చడం అతని పని. ఒక అర వెలుగు ఇంకో అర మీద పడకుండా చుట్టూ నల్ల తెరలు దించి ఉంటాయి. వాటి వెనక్కి వెళ్ళేది అతనొక్కడే. అతనికి కావలసిందీ అదే.

ఎందుకంటే మహానుభావుడికి ఎరుపు తెలియదు. పుట్టుకతోనే అంతే. ఇంతకుముందు బట్టలకు రంగులద్దేచోట ఈ సంగతి బయటపడి, నలుగురూ పగలబడి నవ్వి, ఒక్కపూటలో ఇంటికి పంపేశారు. అప్పటినుంచి ఆ మాట కడుపులోనే దాచుకున్నాడు. కట్టుకున్న భార్యకు కూడా చెప్పలేదు. ఇక్కడేమో దీపాలు రెండు రకాలు: చిక్కుడు మొలకలకు మామూలు ఎరుపు, పూలమొక్కలకు ముదురు ఎరుపు. పాతవాటిలో ముదురువి పొట్టిగా ఉండేవి కాబట్టి చేత్తో తడిమి నెట్టుకొచ్చాడు. ఈసారి కొత్తవి రెండు కట్టలుగా ఇచ్చారు. అన్నీ ఒకే పొడవు. ఎవరినైనా అడిగితే ఏం పోయింది? అడగలేదు. దేవుడిమీద భారం వేసి ఏదో ఒక కట్ట విప్పి చిక్కుడు అరలకు బిగించేశాడు.

ఇవాళ అతను తెర బయటికి తెచ్చిచ్చిన ఆ మొలకలు పీకి, తొట్టిలో కడిగి చూశారు. వేళ్ళనిండా ఉండాల్సిన బుడిపెలు ఒక్కటీ లేవు. మొక్కకు మేలుచేసే సూక్ష్మజీవులు కాపురముండేది ఆ బుడిపెల్లోనే. ఆ సూక్ష్మజీవుల మందు కలిపి విత్తనాలకు పట్టించేది అతని భార్య.

"చచ్చిపోయిన మందు పట్టించావు," అంది మేనేజరమ్మ.

"లేదమ్మా, చల్లటిచోటే దాచాను. నా చేతులారా కలిపాను."

"మరి వేళ్ళెందుకిలా బోడిగా ఉన్నాయి? రేపట్నుంచి నువ్వు రావద్దు."

భార్య నోరున్న మనిషి. ఇంట్లో అయితే ఇల్లు పీకి పందిరేసేది. ఇప్పుడు మాత్రం తడిచేతులు తుడుచుకుంటూ, "నేనే ఏదైనా మర్చిపోయానా?" అని తనలో తనే గొణుక్కుంటోంది. అది చూడలేక అతని ప్రాణం విలవిల్లాడింది.

తొట్టి పక్కన పడున్న మొలకల కాడలు సన్నగా, పొడుగ్గా సాగి ఉన్నాయి. పనిలో చేరిన రోజు మేనేజరమ్మ చెప్పింది అతనికి గుర్తొచ్చింది. ముదురు ఎరుపు ఎక్కువైతే మొక్క ఏదో చెట్టు నీడలో ఉన్నాననుకుంటుందట. సత్తువంతా పైకి ఎగబాకడానికే పెట్టి, వేళ్ళ దగ్గర సూక్ష్మజీవులకు పెట్టే తిండి దగ్గర చెయ్యి బిగిస్తుందట. అంటే తను విప్పింది ముదురు ఎరుపు కట్టన్నమాట.

నోరు విప్పితే తన ఉద్యోగం పోతుంది. మూసుకుంటే ఆమెది. ఆమె అప్పటికే చేతిసంచి తీసుకుంది.

"మందు మంచిదేనమ్మా," అన్నాడు. "దీపాలే తారుమారు చేశాను."

"కావాలనే చేశావా?"

"నాకు ఎరుపు కనిపించదమ్మా. చిన్నప్పట్నుంచీ అంతే."

మేనేజరమ్మ విసవిసా వెళ్ళి చిక్కుడు అర తెర ఎత్తింది. లోపల ముదురు ఎరుపు వెలుగు, ఆరిపోతున్న బొగ్గులా మసగ్గా ఉంది. తెర దించేసి వెనక్కి వచ్చింది. "నువ్వు పనిలో ఉండు," అంది అతని భార్యతో. అతనివైపు తిరిగి, "నీ సంగతి రేపు మాట్లాడదాం," అని వెళ్ళిపోయింది.

భార్య సంచి కింద పెట్టింది. ఆమె కళ్ళల్లో నీళ్ళూ ఉన్నాయి, నిప్పులూ ఉన్నాయి.

"మన వీధితలుపుకి నేను ఏరికోరి రంగేయిస్తే, అదిరిపోయిందన్నావు కదయ్యా?"

"అన్నాను."

"అదేం రంగో తెలుసా నీకసలు?"

"నువ్వు ఎరుపన్నావు," అన్నాడు అతను తలొంచుకుని. "ఎవరడిగినా నేనూ ఎరుపనే చెబుతున్నాను."